మింజూరులో మీ పేరు ఎవరి నోట రావాలి?

పర్సనల్ బ్రాండ్ ఎలా మొదలుపెట్టాలని అడిగితే ఇవాళ ఎక్కడైనా వినిపించే సలహా ఒకటే. మంచి లోగో చేయించు, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ అన్నిట్లో ఖాతాలు తెరువు, రోజూ ఏదో ఒకటి పెడుతూ ఉండు. చేతికింద నలుగురు, చేతిలో నాలుగు డబ్బులు ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుందేమో. మింజూరులో ఒక అద్దె గదిలో, ఒక ఫోనుతో, ఒక్కరే మొదలుపెట్టేవారికి మాత్రం ఈ సలహా చేటు చేస్తుంది. రెండు నెలలు తిరిగేసరికి అలసట మిగులుతుంది, పేరు మిగలదు. ఒంటరిగా బయలుదేరేవారికి ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది చిన్న మాట. ఒకే ఒక్క పనికి, నడిచి వెళ్లగలిగినంత ప్రాంతంలో, మీ పేరు తెలియాలి. ఆ పని పడగానే, మీరు అక్కడ లేకపోయినా, పక్కింటావిడ మీ పేరే చెప్పాలి. అంతవరకు వచ్చాకే మిగతా హంగులు.

చిన్న ప్రాంతం అన్నానని చిన్నబుచ్చుకోకండి. మింజూరు చెన్నై సెంట్రల్ నుంచి గుమ్మిడిపూండి వెళ్లే సబర్బన్ లైను మీద ఉంది. ఒకవైపు ఎన్నూరు, అత్తిపట్టు, మరోవైపు పొన్నేరి, కవరైపేట. థర్మల్ స్టేషన్‌లో పనిచేసేవారు, రేవులో పనిచేసేవారు, పొద్దున్నే నగరానికి రైలెక్కేవారు, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడేవారు అందరూ ఇక్కడే ఉన్నారు. ఒక మనిషి రెండు చేతులతో చేయగలిగిన పనికి ఈ లైనులో నాలుగు స్టేషన్ల మేర గిరాకీ చాలు.

తిరుత్తణి కుర్రాడి మొదటి పుస్తకం

పెద్ద పేరు చిన్నగా ఎలా మొదలవుతుందో చూడటానికి మనం దూరం వెళ్లనక్కర్లేదు. ఇప్పుడు మన తిరువళ్లూరు జిల్లాలోనే ఉన్న తిరుత్తణిలో, 1888 సెప్టెంబరు 5న, ఒక తెలుగు కుటుంబంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టారు. ఆయన్ను మనం రాష్ట్రపతిగా, ఉపాధ్యాయ దినోత్సవం నాడు పూలదండ వేసే పటంగా ఎరుగుదుం. పేరు తెచ్చుకోవాలనుకునేవారు మాత్రం ఆయన మొదటి మెట్టు చూడాలి. కలిగినవాళ్ల ఇల్లు కాదు. స్కాలర్‌షిప్‌ల మీద చదువు సాగింది. ఫిలాసఫీ తీసుకోవడానికి కారణం కూడా ఇంటి పరిస్థితే. ఆ చదువు ముగించిన బంధువు ఒకరు తన పుస్తకాలు ఇచ్చారు, కొనే ఖర్చు తప్పింది. దొరికినదాన్నే ఆయన తన రంగం చేసుకున్నారు.

మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదువుతున్నప్పుడు, వేదాంతంలో నీతికి చోటు లేదనే విమర్శ ఆయనకు ఎదురైంది. అది ఆయన్ను బాధించింది. జవాబుగా తన ఎం.ఏ. వ్యాసాన్ని వేదాంతంలోని నీతి మీదే రాశారు. 1908లో, ఇరవయ్యో ఏట, అది పుస్తకంగా అచ్చయింది. మరుసటి ఏడాది ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. 1911లో ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ఎథిక్స్‌లో భగవద్గీత నీతినీ కాంట్ నీతినీ పక్కపక్కన పెట్టి వ్యాసం రాశారు. ఇది గమనించవలసిన అడుగు. వేదాంతాన్ని అప్పటికే నమ్మినవాళ్లకు చెప్పి ఊరుకోలేదు. దాన్ని తక్కువగా చూసినవాళ్లు చదివే పత్రికలోకి వెళ్లి, వాళ్లకు బాగా తెలిసిన కాంట్‌ను పక్కన ఉంచి మాట్లాడారు. 1923లో ‘ఇండియన్ ఫిలాసఫీ’ మొదటి సంపుటం, 1926లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉపన్యాసాలు, 1936లో అదే ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పదవి. విదేశంలో చదువుకోలేదు. ఇరవయ్యో ఏట పట్టుకున్న ప్రశ్నను దాదాపు ముప్పై ఏళ్లు వదల్లేదు, అంతే.

మనలో చాలామందికి ఇక్కడే కాలు జారుతుంది. మూడు నెలలు ట్యూషన్, ఆ తర్వాత బ్యూటీషియన్ కోర్సు, మళ్లీ రెండు నెలలకు ఆన్‌లైన్‌లో చీరలు. ఏ పనీ తప్పు కాదు. కానీ మారిన ప్రతిసారీ మిమ్మల్ని ఎరిగినవాళ్ల మనసులో మీ పేరు పక్కనున్న మాట చెరిగిపోతుంది. “ఆ అమ్మాయి ఇప్పుడేం చేస్తోందో” అంటారు. ఆ మాట వినపడిందంటే బ్రాండు మొదటికొచ్చినట్టే.

అమ్మడానికి ముందు ఇవ్వడం

రెండో ఉదాహరణ సరుకు అమ్మినవారిది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టారు. మద్రాసులో చదివి, కలకత్తాలో, బొంబాయిలో ఇతరుల వ్యాపారాల్లో ఉద్యోగం చేసి, పని నేర్చుకున్నాక 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తెలుగువాడికి బొంబాయి పరాయి ఊరు, పరాయి భాష. టీవీ లేదు, రేడియో లేదు. ఆయన ఏం చేశారంటే, సంగీత కచేరీలు జరిగే చోటికి వెళ్లి వచ్చినవాళ్లకు ఆ మందును ఉచితంగా పంచారు. కచేరీలో మనుషులు గంటల తరబడి కూర్చుంటారు, తలనొప్పి ఉన్నవాడు అక్కడే రాసుకుని అక్కడే గుణం చూస్తాడు, పక్కవాడికి చెబుతాడు. మందు ఎవరికి అవసరమో, వాళ్లు ఎక్కడ తీరిగ్గా దొరుకుతారో ఆయన చక్కగా ఆలోచించారు. తర్వాత ఆ మందు అమ్మిన డబ్బుతోనే 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక వారపత్రికను తెచ్చారు. 1914లో మద్రాసు వచ్చి దాన్ని దినపత్రిక చేశారు. 1924లో ‘భారతి’ పత్రిక పెట్టారు.

ఉచితం అనే మాటను ఇక్కడ సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఆయన పంచింది నమూనా. ఏళ్ల తరబడి సీసాలకు సీసాలు ఊరికే ఇవ్వలేదు. ఈరోజు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చుట్టాలకు, స్నేహితులకు నెలల తరబడి పూర్తి పని ఉచితంగా చేసిపెట్టి, డబ్బు అడగాల్సి వచ్చేసరికి నోరు పెగలక కుంగిపోతారు. మీ పని రుచి తెలిసేంత ఇవ్వండి. మొత్తం పనికి వెల కట్టండి, ఆ వెల మొదటి రోజే చెప్పండి.

మింజూరులో ఇది ఎలా కుదురుతుందో ఒక మనిషిని ఊహించుకుని చూద్దాం. ఐటీఐ చదివి, ఒక కంపెనీ తరఫున కొన్నాళ్లు ఇళ్లకు తిరిగి, ఇప్పుడు సొంతంగా ఆర్‌ఓ ఫిల్టర్ల సర్వీసు మొదలుపెట్టాలనుకుంటున్న కుర్రాడు అనుకోండి. ఈ ఊరి నీటి కథ అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు. మింజూరు ప్రాంతంలో భూగర్భజలాన్ని విపరీతంగా తోడేయడం వల్ల సముద్రపు నీరు లోపలికి చొరబడింది. దశాబ్దాలుగా శాస్త్రవేత్తలు ఇక్కడి బావులను పరీక్షిస్తూనే ఉన్నారు. కాట్టుపళ్లిలో 2010లో మొదలైన, రోజుకు 10 కోట్ల లీటర్ల మంచినీరు తీసే సముద్రజల శుద్ధి కేంద్రాన్ని లోకం మింజూరు ప్లాంటు అనే పిలుస్తుంది. ఉప్పునీరు అనగానే మింజూరు పేరు తలపుకొచ్చే రాష్ట్రంలో నీటి పని చేసేవాడికి వేరే విషయం వెతుక్కోవలసిన పని లేదు.

అతను లోగోకు పెట్టే డబ్బులో కొంత ఒక టీడీఎస్ మీటరుకు పెడితే చాలు, కొన్ని వందల్లో వస్తుంది. నీటిలో కరిగిన లవణాలు ఎంతో అది చూపిస్తుంది. తన వీధిలో ఇంటింటికీ వెళ్లి బోరు నీరు, కుళాయి నీరు, కొంటున్న క్యాను నీరు, మూడూ కొలిచి ఒక చిన్న కార్డు మీద తేదీ వేసి రాసి ఇవ్వాలి. తాగునీటిలో లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీరు దొరకని చోట 2,000 వరకు సర్దుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. ఆ రెండు అంకెలూ కార్డు మీద అచ్చు వేయించాలి. కింద అతని పేరు, ఫోన్ నంబరు. ఇది అతని నమూనా సీసా.

ఇక పేరు నిలబడేదీ పోయేదీ తర్వాతి మాటలో. ఒక ఇంట్లో కుళాయి నీరు కొలిస్తే 300 వచ్చిందనుకోండి.

“ఏం తమ్ముడూ, మాకు ఏ మిషన్ పెట్టమంటావు?”

“మీ కుళాయి నీళ్లకి ఆర్‌ఓ అక్కర్లేదక్కా. డబ్బు దండగ. కాచి చల్లార్చుకోండి, లేదంటే మామూలు యూవీ ఫిల్టరు చాలు.”

ఆ రోజు ఒక అమ్మకం పోతుంది. కానీ ఆ అక్క సాయంత్రం గుడి దగ్గర, మర్నాడు రేషన్ షాపు దగ్గర ఈ సంగతి చెప్పకుండా ఉండలేదు. అమ్ముకోవడానికి వచ్చి వద్దన్నవాడి మాట మీద గురి కుదురుతుంది. ఇది దయతో చెప్పే మాట మాత్రమే కాదు, 500 లోపు లవణాలున్న నీటికి ఆర్‌ఓ వాడకాన్ని ఆపించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ప్రభుత్వానికి చెప్పింది కూడా. ఇంకో నిజం కూడా అతను దాచకూడదు. టీడీఎస్ మీటరు ఉప్పును చెబుతుంది గాని నీటిలో క్రిములున్నాయో లేదో చెప్పదు. అందుకు ల్యాబు పరీక్ష కావాలి. తన పరికరానికి ఉన్న హద్దు తనే చెప్పగలిగినవాణ్ని జనం నిపుణుడిగా చూస్తారు.

ఆ తర్వాత ఫోను. గీజరు ఎలిమెంటు మీద పేరుకున్న తెల్లటి పొర, తుప్పు పట్టిన కుళాయి, ఆరు నెలలకే నల్లబడిన ఫిల్టరు క్యాండిల్, ఇవన్నీ పనిలో రోజూ కనిపించేవే. ఇంటివాళ్లను అడిగి, ఇంటి గుర్తులు పడకుండా, ఒక నిమిషం వీడియో తీయాలి. ఏమైంది, ఎందుకైంది, ఎలా ఆపవచ్చు. అంతకుమించి ఏ ముస్తాబూ వద్దు. ముఖం చూపించడానికి మొహమాటపడేవారు, ముఖ్యంగా ఇంట్లో వద్దంటారేమోనని భయపడే ఆడపిల్లలు, చేతులు చూపించండి, గొంతు వినిపించండి. పని తెలిసిన చేతులను జనం ముఖంలాగే గుర్తుపడతారు.

ఏ భాషలో, ఏ పేరుతో

మింజూరులో మొదలుపెట్టే తెలుగువారికి ఒక వరం ఉంది. రెండు భాషలు ఊరికే వచ్చాయి. కాని తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. అందుకని కార్డు, బోర్డు తమిళంలోను, ఇంగ్లీషులోను ఉండనివ్వండి. మాట మాత్రం ఎదుటి మనిషి ఇంటి భాషలో నడపండి. వీడియో తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి విడివిడిగా చేయండి, రెండూ కలిపితే ఇద్దరూ మధ్యలో వదిలేస్తారు. తెలుగు వీడియో తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట దాకా వెళ్తుంది. జాకెట్ల మీద పూసల పని చేసే అమ్మాయి తన వివరాల్లో ఆరి వర్క్ అనీ, మగ్గం వర్క్ అనీ రెండు మాటలూ రాసుకోవాలి. ఇక్కడివాళ్లు మొదటిది వెతుకుతారు, సరిహద్దు అవతలివాళ్లు రెండోది.

సొంత పేరా, వేరే పేరా? ఇది తేల్చుకోకుండా బోర్డు రాయించకండి. నా అభిప్రాయం స్పష్టం. మీరే వెళ్లి చేసే పనికి, అంటే పాఠం, కుట్టు, మరమ్మతు, సంగీతం వంటివాటికి, మీ పేరే పెట్టండి. సీసాలోనో ప్యాకెట్‌లోనో వెళ్లే సరుకుకు వేరే పేరు పెట్టండి. నాగేశ్వరరావు పంతులు మందుకు తన పేరు పెట్టలేదు. 1938లో ఆయన కన్నుమూశాక ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్ చేతుల్లోకి ఆ వ్యాపారం వెళ్లింది, అమృతాంజనం ఇవాళ్టికీ దుకాణాల్లో ఉంది. సరుకు పేరు ఇంకొకరి చేతుల్లోకి వెళ్లగలదు. పంతులుగారి సొంత పేరు ఇప్పుడు మైలాపూరులో లజ్ దగ్గర పార్కుకు ఉంది, అది మరో రకం సంపాదన.

సరుకుకు పేరు ఎంచేటప్పుడు ‘మింజూరు పచ్చళ్లు’ వంటివి ఆకర్షిస్తాయి. ఊరి పేరు, సరుకు పేరు తప్ప ఇంకేమీ లేని మాటకు ట్రేడ్‌మార్క్ దొరకడం కష్టం, ఎందుకంటే ఆ మాటలు ఊరందరివీ. 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టం ఈ విషయంలో గట్టిగానే ఉంది. ముందు ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో మీరనుకున్న పేరు ఎవరికైనా ఉందేమో వెతకండి, వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఒంటరి వ్యక్తికి ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక తరగతికి 4,500 రూపాయలు. నమోదైతే పదేళ్లు మీది, ఆ తర్వాత పొడిగించుకోవచ్చు. నమోదు కాకముందే పేరు పక్కన నమోదైన గుర్తు, అంటే సున్నాలో ఆర్ అక్షరం, వేయడం నేరం. టీఎం అని రాసుకోవచ్చు. మొదటి ఆరు నెలల్లో ఇదంతా చేసి తీరాలని నేననను. పేరు వాడకంలో పడి, మనుషులు గుర్తుపడుతున్నారని తెలిశాక చేయండి.

మిగతా కాగితాలు త్వరగా చెబుతాను. చిన్న వ్యాపారాల నమోదు, అంటే ఉద్యం రిజిస్ట్రేషన్, ఆధార్‌తో ఉచితంగా అవుతుంది, డబ్బు అడిగేవాళ్లు మధ్యవర్తులు. తినే వస్తువు ఏది అమ్మినా, ఇంటి వంటగదిలో చేసినా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు కావాలి, ఆ 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద ఉండాలి. సరిహద్దు పక్కన ఉన్న మనం మరచిపోకూడనిది జీఎస్టీ. తమిళనాడు లోపల చిన్న అమ్మకాలకు మినహాయింపు ఉన్నా, పన్ను పడే సరుకును ఆంధ్రకు అమ్మితే అది రాష్ట్రం దాటిన అమ్మకం, చేతివృత్తుల వస్తువుల వంటి కొన్ని మినహాయింపులు తప్ప మొదటి రూపాయి నుంచీ నమోదు అడుగుతారు. సూళ్లూరుపేట ఆర్డరు ఒప్పుకునే ముందు ఒక ఆడిటరును అడగండి.

గూగుల్‌లో వ్యాపార ప్రొఫైల్ ఉచితం. ఇంటి నుంచే పని చేసేవారు ఇంటి చిరునామా దాచి, తిరిగే ప్రాంతాన్ని మాత్రం చూపించుకోవచ్చు. ఒంటరి ఆడవాళ్లకు ఇది చాలా అవసరం. వాట్సాప్ బిజినెస్‌లో ధరల పట్టిక పెట్టుకోండి, అడిగినవాళ్లందరికీ మళ్లీమళ్లీ టైపు చేసే బాధ తప్పుతుంది. వీడియోకు ఒక్క వేదిక చాలు. రివ్యూలు అడగండి, కొనకండి. డబ్బుకో డిస్కౌంటుకో రివ్యూ రాయించుకోవడం గూగుల్ నియమాలకు విరుద్ధం. పైగా మింజూరంత ఊళ్లో ఎవరు ఎవరి చుట్టమో అందరికీ తెలుసు.

చెప్పిన రోజు

కుట్టుపని గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రాంతంలో ఇంట్లో కూర్చుని పేరు తెచ్చుకోవాలనుకునేవారిలో చాలామంది ఆ పనిలోనే ఉన్నారు. ఆది జాకెట్టు తీసుకుని పండక్కి ముందు రోజు దాకా తిప్పించుకోవడం టైలర్ల మీద అందరికీ ఉన్న ఫిర్యాదు. అలాంటప్పుడు మీ బ్రాండ్ డిజైనులో ఉండక్కర్లేదు, తేదీలో ఉండవచ్చు. కొలతల పుస్తకంలో ఒక్కొక్కరికి ఒక పేజీ. తీసుకున్న రోజు, ఇస్తానన్న రోజు, ఇచ్చిన రోజు. చేతకాని తేదీకి ఒప్పుకోకండి. “ఆ రోజుకి కాదు వదినా, రెండు రోజులు ఆగితే నేనే తెచ్చిస్తా” అని చెప్పడానికి మొదట్లో గుండె చిక్కబట్టుకోవాలి. ఒక పెళ్లి సీజను ఇలా నడిపితే వచ్చే సీజనుకు మీరు ప్రచారం చేసుకోనక్కర్లేదు.

ఇక్కడ పెళ్లిళ్లు లేని ఆడి మాసం, అంటే జూలై నడుమ నుంచి ఆగస్టు నడుమ వరకు, పని తగ్గుతుంది. చాలామంది ఆ నెల దిగులు పడతారు. మీరు ఆ నెలలో నమూనాలు కుట్టండి, ఫొటోలు తీయండి, పాత కస్టమర్లకు ఫోను చేసి పోయిన జాకెట్టు ఎలా ఉందో కనుక్కోండి. ఆవణి ముహూర్తాలు మొదలయ్యేసరికి మీ నమూనాలు వాళ్ల ఫోనుల్లో ఉంటాయి.

ఇన్ని చెప్పినా, మొదట్లో ఎవరూ పిలవని వారాలు వస్తాయి. మీరు పనికిరానివారని ఆ వారాలు చెప్పడం లేదు. మింజూరులో మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఇంకా పదిళ్లవాళ్లే ఉన్నారని చెబుతున్నాయి. పదకొండో ఇంటికి వెళ్లండి. మీటరు తీసుకుని, నమూనా జాకెట్టు తీసుకుని, రేపు పొద్దున మీ వీధి చివరి ఇంటి తలుపు తట్టండి. ఈ పుస్తకంలో తర్వాతి అధ్యాయం ఆ పని చేశాకే చదవండి.